పేరు చెప్పి లోపలికి రండి

రెండోసారి పక్షవాతం వచ్చి, మాలకొండయ్య ఆసుపత్రి నుంచి ఇంటికి తిరిగొచ్చేసరికి వసారాకూ వంటింటికీ మధ్య దారి లేదు. దారి ఉండాల్సిన చోట ఒక ఉప్పుమడి ఉంది.

వసారా ఎక్కడిదక్కడే ఉంది. అందులో నులకమంచం, మంచం మీద మాలకొండయ్య. వంటిల్లు కూడా ఎక్కడిదక్కడే ఉంది, పొయ్యి మీద టీ మరుగుతోంది. రెంటిలోనూ చీపురుపుల్ల కూడా జరగలేదు. మధ్యలో ఉండే కాస్తంత నడవా ఒక్కటే పోయి, చీలమండల లోతు ఉప్పునీళ్ళూ, చుట్టూ బంకమట్టి గట్టూ వచ్చి కూర్చున్నాయి. అవతలి ఒడ్డు ఎండ మెరుపుకు సరిగ్గా కనపడదు.

మాలకొండయ్య భార్య శేషారత్నం టీ గ్లాసుతో ఇవతలి ఒడ్డున నిలబడి ఆ మడిని చూస్తుంది. ఆశ్చర్యపోదు. ఆశ్చర్యపోవడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి, అది ఆమె దగ్గర ఎప్పుడో అయిపోయింది. పైగా పుట్టిందీ మెట్టిందీ సముద్రం ఒడ్డున ఉప్పు పండించే ఇళ్ళలోనే. మడిలోకి ఎలా దిగాలో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. కుచ్చిళ్ళు ఎగదోపి దిగుతుంది. మొగుడి మంచం దగ్గరికి చేరేసరికి టీ మీద మీగడ కట్టి ఉంటుంది.

"చల్లగుందే," అంటాడు మాలకొండయ్య, ఎడమచేత్తో గ్లాసు పట్టుకొని.

"దూరం పెరిగింది గదయ్యా."

అతను తల ఊపుతాడు. దూరం పెరిగితే టీ చల్లారుతుంది, ఇందులో వాదించడానికి ఏముంది!

ఆ మర్నాడు మంచానికీ పెరటికీ మధ్య ఇంకో మడి వస్తుంది. ఆ తర్వాత అతని కాలికీ చెప్పుకీ మధ్య ఒకటి. మాలకొండయ్య మంచం అంచున కూర్చొని కిందికి చూస్తాడు. అది చెప్పు అని తెలుసు. ఇది కాలు అని తెలుసు. దీన్ని తీసుకెళ్ళి దాన్లో పెట్టే దారే కనపడదు. మధ్యలో నీళ్ళు నిలబడి, నెమ్మదిగా ఎర్రబడుతుంటాయి. ఎర్రబడిన నీళ్ళలో ఉప్పు దిగుతుంది. దిగిన ఉప్పు మడిలో ఉండక గట్ల మీదికి కూడా ఎక్కుతుంది. గట్లు తెల్లబడిపోతే ఇక ఏది నడిచే చోటో ఏది కాదో ఎవరికీ తెలియదు.

శేషారత్నం చెప్పును చేత్తో తెచ్చి కాలికి తొడుగుతుంది. అన్నం ముద్దను నోటి దాకా తెస్తుంది. మాటను కూడా ఒక్కోసారి సగం దాకా తెచ్చి అందిస్తుంది. రోజంతా ఇంట్లోనే తిరుగుతుంది గానీ, పొద్దుగూకే సరికి పక్క ఊరికి పోయి వచ్చినంత నొప్పి పిక్కల్లో. విసుగు వస్తుంది. విసుక్కున్నందుకు ఏడుపొస్తుంది. ఏడ్చే తీరిక లేక మళ్ళీ విసుగే వస్తుంది.

ఇదంతా ఆమె మోస్తుంది. మోయలేనిది ఒక్కటే ఉంది, అది ఆసుపత్రిలో జరిగింది.

పట్నంలో మాలకొండయ్యను చూసే డాక్టర్ సుహాసిని మంచి మనిషి. ఆమె కళ్ళ కింద కూడా నిద్ర లేని నలుపే. ఇంటికి పంపే ముందు మంచం పక్కన స్టూలు వేసుకొని కూర్చొని, మాలకొండయ్యను చిన్న చిన్న ప్రశ్నలు అడిగింది. ఇది ఏ నెల, ఇది ఏ ఊరు. అన్నీ అడిగి, చివరికి శేషారత్నం వైపు వేలు చూపించింది.

"ఈవిడ ఎవరు?"

"మా ఇంట్లోవాళ్ళు," అన్నాడు మాలకొండయ్య.

"పేరు?"

మాలకొండయ్య తల దించుకున్నాడు. మూతి సగం నవ్వింది, సగం నవ్వలేదు. ఎంతసేపు చూసినా ఇంకో మాట రాలేదు. డాక్టరమ్మ కాగితం మీద సున్నా చుట్టింది.

"ఆయనకు తెలుసు డాక్టరమ్మా," అంది శేషారత్నం గబగబా. "మాలో పేరు పెట్టి పిలుచుకోం. సిగ్గుపడతన్నాడు."

"అయ్యుండొచ్చమ్మా," అంది డాక్టరమ్మ. సున్నాను మాత్రం కొట్టెయ్యలేదు.

ఆ సున్నా శేషారత్నంతో పాటు ఇంటికి వచ్చింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆయన "ఏమే", ఆమె "ఏవయ్యా". మరీ దూరంగా ఉంటే "ఇదిగో". ఊళ్ళో వాళ్ళకు ఆమె వదిన, అత్త, లేకపోతే మాలకొండయ్య పెళ్ళాం. ఆసుపత్రిలో అయితే "మాలకొండయ్య తాలూకు ఎవరమ్మా!" అని కేకేస్తే లేచి వెళ్ళేది ఆమే. శేషారత్నం అని నోరారా పిలిచినవాళ్ళు అమ్మా నాన్నా, పుట్టింటి వాళ్ళు. వాళ్ళు ఒక్కరొక్కరే వెళ్ళిపోయారు.

మాలకొండయ్య ఆ పేరు పలికింది ఒకే ఒక్కసారి. పెళ్ళయి కొత్తకోడలిగా ఆమె గడప తొక్కబోతుంటే అతని చెల్లెలు ఆదెమ్మ గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆడపడుచులు ఎక్కడైనా చేసే అల్లరే. పేర్లు చెప్తే గానీ లోపలికి రానివ్వనంది. "నేనూ శేషారత్నమూ వచ్చాం" అన్నాడు అతను, నేల చూపులు చూస్తూ. అందరూ నవ్వారు. ఆమె వంతు అడక్కుండానే ఆదెమ్మ పక్కకు జరిగింది. అంతే, ఆ పేరు పని అయిపోయింది.

మరి ఇప్పుడు అతని లోపల ఆ పేరు ఉందా, పోయిందా? అతను పలకలేదు. కానీ ఎప్పుడు పలికాడు గనక? సిగ్గో, మరుపో చెప్పగలిగినవాళ్ళు లోకంలో ఎవరున్నారు? చెప్పును మరిచిపోతే తొడగొచ్చు. పెరటి దారి మరిచిపోతే చెయ్యి పట్టుకొని నడిపించొచ్చు. తనను మరిచిపోయినవాడికి తను ఏం అందించాలో శేషారత్నానికి తెలియదు. అందుకే భయం. ఆ భయం చెప్పుకోవడానికి ఆమెకు ఉన్న మనిషి కూడా ఆయనే.

రక్తపరీక్షకు రమ్మన్న రోజు ఆటో ఎక్కుతారు. మాలకొండయ్య కుడిచెయ్యి అతనితో సంబంధం లేనట్టు విడిగా కూర్చుంటుంది. ఆటో అతను దానికి వేరే సీటు చూపిస్తాడు, అది జరిగి కూర్చుంటుంది.

ఆసుపత్రిలో నర్సు రక్తం తీసుకొని మేడ మీదికి వెళ్తుంది. మాలకొండయ్యను బల్ల మీద కూర్చోబెట్టి, శేషారత్నం కూడా మెట్లెక్కుతుంది. మేడంతా చిన్న చిన్న మళ్ళు కట్టి ఉన్నాయి, అరచేతులంత మళ్ళు, ఒక్కో రోగి రక్తానికి ఒక్కోటి. అన్నీ ఎండలో ఆరుతున్నాయి. డాక్టర్ సుహాసిని చెప్పులు విడిచి, చీర కొంగు నడుముకు చుట్టి, వాటి మధ్య వంగి చూస్తూ నడుస్తోంది.

"ఉప్పు తగ్గించారా?" అని అడుగుతుంది శేషారత్నాన్ని చూసి.

"కూరలో తగ్గించా డాక్టరమ్మా. ఇంట్లోనే తగ్గట్లా."

డాక్టరమ్మ తల ఊపి, మెదడు ఫిల్మును ఎండకేసి పట్టుకొని చూపిస్తుంది. నల్లటి నేల మీద తెల్లటి మచ్చలు. గద్ద ఎగిరే ఎత్తు నుంచి చూస్తే తమ ఉప్పుమళ్ళు ఇలాగే ఉంటాయని శేషారత్నానికి అనిపిస్తుంది.

"లోపల గదులుంటాయమ్మా," అంటుంది డాక్టరమ్మ. "మాట ఒక గదిలో, మొహాలు ఒక గదిలో, నడక ఒక గదిలో. మీవారి గదులు చాలావరకు బాగానే ఉన్నాయి. గదికీ గదికీ మధ్య తీగలుంటాయి. సన్న రక్తనాళాలు చెడిపోయి, ఆ తీగలకు తిండి అందడం లేదు. ఈ తెల్లదనమంతా అదే."

"ఇంకా పెరుగుద్దా?"

"అది రక్తం చెబుతుంది. తీగ చిట్లితే దాని పీచు రక్తంలోకి కొట్టుకొస్తుంది. ఎంత పీచు ఉంటే అంత నష్టం. ఫిల్ములో కనపడక ముందే ఇక్కడ తెలుస్తుంది."

"మా దగ్గర నీళ్ళు ముందు ఎర్రబడతై. ఎర్రబడినై అంటే ఉప్పు దిగబోతందని."

"ఇక్కడా అంతేనమ్మా."

ఇద్దరి లెక్కా కలిసినందుకు ఇద్దరిలో ఎవరికీ సంతోషం లేదు.

మాలకొండయ్య రక్తం ఆరి, అడుగున తెల్లటి పీచు తేలుతుంది. డాక్టరమ్మ చిన్న పటకారుతో ఒక్కో పోగూ తీసి పింగాణీ పలక మీద పరుస్తుంది. శేషారత్నం పలక పక్కన గొంతుక్కూర్చుంటుంది. ఆ పోగులు ఏమిటో డాక్టరమ్మకు తెలియదు, శేషారత్నం చూస్తూనే గుర్తుపడుతుంది. ఇది బీడీల కొట్టుకు పోయే దారి, ఇంకా పొగ వాసన వస్తోంది. ఇది లుంగీ ముడి వెయ్యడం. ఇది చొక్కా గుండీ. ఇది వాన వచ్చే ముందు ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పాలని పరిగెత్తడం. ఆ పోగు ఇంకా కొట్టుకుంటోంది. ఇది అబద్ధమాడే ముందు తల గోక్కోవడం. దాన్ని చూసి ఆమెకు నవ్వొస్తుంది.

పలక నిండుతుంది.

"నా పేరు దీంట్లో ఉందా డాక్టరమ్మా?"

డాక్టరమ్మ మళ్ళీ వంగి, పోగు పోగూ విడదీసి చూస్తుంది. "లేదమ్మా."

"ఉంటే మంచిదా, లేకపోతే మంచిదా?"

"ఉంటే తెగిపోయిందని అర్థం. లేకపోతే ఇంకా తెగలేదని." డాక్టరమ్మ ఆగుతుంది. అబద్ధం చెప్పే ఓపిక ఆమెకు కూడా లేదు. "లేకపోతే..."

"అసలు మొదట్నుంచీ లేదని."

"రక్తానికి ఆ తేడా తెలియదమ్మా. తెగినవే దానికి తెలుసు."

పోగులను కొంగులో మూట కట్టుకుపోవచ్చా అని అడగాలనిపిస్తుంది శేషారత్నానికి. తీసుకెళ్ళి ఏం చేసుకుంటుంది? అడగకుండానే మెట్లు దిగుతుంది.

పొద్దు వాలే వేళకు ఆటో ఇంటి ముందు ఆగుతుంది. గుమ్మంలో ఆదెమ్మ నిలబడి ఉంది. రెండు చేతులూ రెండు పక్కలా ఆనించి, ఆకుపచ్చ పరికిణీలో, ఆ రోజు ఉన్నట్టే. జడలో కనకాంబరాలు కూడా వాడలేదు. ఆదెమ్మ పోయి చాలా ఏళ్ళయింది. కానీ గుమ్మానికి అడ్డం నిలబడే పని మానెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"పేర్లు చెప్పి లోపలికి రండి," అంటుంది ఆదెమ్మ.

"ఆదెమ్మా, మీ అన్నకు బాలేదు. ఆసుపత్రి నుంచి వస్తన్నాం. జరుగమ్మా."

"బాలేకపోతే నిమ్మళంగా చెప్పమను. నాకేం తొందర్లేదు."

"పొద్దున పోయేటప్పుడు నువ్వు లేవే?"

"పొద్దున లోపల ఒకటో అరో దారి ఉంది వదినా. ఇప్పుడు గుమ్మం ఒక్కటే మిగిలింది. దీన్నన్నా చూసుకోవద్దా?"

ఆ మాటలో తప్పేమీ కనపడదు శేషారత్నానికి. మాలకొండయ్యను భుజానికి ఆనించుకొని నిలబడుతుంది. అతని బరువంతా ఆమె మీదికి వాలుతోంది. ముందు తనే చెప్పేస్తే ఒక పని అయిపోతుందనుకొని నోరు తెరుస్తుంది.

మొగుడి పేరు రాదు. ఆమెకు ఏ జబ్బూ లేదు. పేరు తెలుసు, రేషన్ కార్డు మీద చూసింది, ఆసుపత్రిలో రోజూ వింది. నాలుక దాకా వస్తుంది, పళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఆగిపోవడం ఎలా ఉంటుందో మొదటిసారి తన నోట్లోనే చూస్తుంది. సిగ్గుతో ఆగినా మరిచిపోయి ఆగినా నోటికి ఇలాగే ఉంటుంది కాబోలు. ఆసుపత్రి మంచం మీద తల దించుకున్న మొగుడి మీద ఆమెకు ఉన్నట్టుండి జాలి ముంచుకొస్తుంది.

"నేనూ," అంటుంది, కళ్ళు మూసుకొని, "నేనూ మాలకొండయ్యా వచ్చాం."

మాలకొండయ్య ఉలిక్కిపడి చూస్తాడు. అతని చెవులు ఎర్రబడతాయి.

"ఇప్పుడు అన్న చెప్పాలి," అంటుంది ఆదెమ్మ.

మాలకొండయ్య గొంతు సవరించుకుంటాడు. "నేనూ... నేనూ మా ఇంట్లోవాళ్ళూ వచ్చాం."

"ఆ పేరుగలవాళ్ళు ఊరినిండా ఉన్నారు."

మాలకొండయ్య తల దించుకుంటాడు. మూతి సగం నవ్వుతుంది, సగం నవ్వదు. ఎదురుచూస్తారు. నీడలు సాగుతాయి. అతని కుడిచెయ్యి విసుగొచ్చి అరుగు మీద కూర్చుంటుంది.

శేషారత్నం అతన్ని కూడా దాని పక్కన కూర్చోబెట్టి, తనూ గడప ముందు కూలబడుతుంది. "నాకు చాతగావటంలా ఆదెమ్మా," అంటుంది. "ఒట్టు, నాకు చాతగావటంలా. చెప్పు తొడుగుతా, ముద్ద పెడతా, మడి మీద మడి వచ్చినా దిగి పోతా. ఈయనకు నేనెవరో తెలుసో లేదో, అది తెలవకుండా మాత్రం చెయ్యలేను." ఇక ఆపుకోదు, వెక్కి వెక్కి ఏడుస్తుంది.

ఆదెమ్మకు కూడా కళ్ళ నీళ్ళు వస్తాయి. తుడుచుకోదు. "చేతులు దించితే గుమ్మం పడిపోద్ది వదినా," అంటుంది. "ఆ రోజైతే కూతురు పుడితే మాకియ్యాలని కూడా అడిగాను. అది అడగన్లే. పేరు ఒక్కటే."

వాళ్ళకు కూతురు పుట్టలేదు. కొడుకూ పుట్టలేదు. ఆదెమ్మ అడగనందుకు శేషారత్నం ఆమె పాదం మీద చెయ్యి వేస్తుంది.

అలా వంగినప్పుడు ఆదెమ్మ చెయ్యి కింది నుంచి ఇంటి లోపల కనిపిస్తుంది. గదులు లేవు. కనుచూపు మేర ఉప్పుమళ్ళే, ఒక్క గట్టు కూడా తేలకుండా అంతా తెలుపే. ఎక్కడో చివరి మడిలో పసుపు బట్టలు కట్టుకున్న పెళ్ళికూతురు ఒకతె, పొడుగు కర్రకు బిగించిన చెక్కపలకతో ఉప్పు లాగుతోంది. ఆ నడుము వంచే తీరు చూసి అది తనేనని శేషారత్నం గుర్తుపడుతుంది. ఆ రోజు ఈ గడప దాటి లోపలికి పోయిన పిల్ల. పోయిన దగ్గర్నుంచీ పని చేస్తూనే ఉంది. పేరు పెట్టి ఎవరూ పిలవలేదు గనక తల ఎత్తలేదు.

ఇక చాలు, వచ్చి కాసేపు కూర్చోమని చెప్పాలనిపిస్తుంది శేషారత్నానికి. చెప్పాలంటే పిలవాలి. అంత దూరానికి "ఏమే" అంటే వినపడదు.

"శేషారత్నం!" అని పిలుస్తుంది.

తన గొంతుతో తన పేరు. వింతగా ఏమీ ఉండదు, కాస్త బొంగురుగా ఉంటుంది, అంతే.

"శేషారత్నం! ఓ శేషారత్నం!"

చివరి మడిలో పిల్ల తల తిప్పదు. ఆమెకు ఇంకా వినపడలేదు.

తల తిప్పింది మాలకొండయ్య. అరుగు మీద కూర్చున్నవాడు నెమ్మదిగా, ఎక్కడా వెతక్కుండా, నేరుగా భార్య మొహంలోకి చూస్తాడు.

"నిన్నెవరో పిలుస్తన్నారు," అంటాడు. "పలకవేందే?"

శేషారత్నం తల ఊపుతుంది, ఊపుతూనే ఉంటుంది.

ఆదెమ్మ చేతులు దించుతుంది. గుమ్మం పడిపోదు.

లోపల ఉప్పు కింది నుంచి గట్లు ఒక్కటొక్కటే పైకి తేలుతాయి. సన్నగా, నల్లగా, తడిగా. అన్నీ కాదు. బీడీల కొట్టు వైపుది తేలదు, చెప్పు దగ్గరిదీ తేలదు. తేలిన ప్రతి గట్టు మీదా ఒక శేషారత్నం నడిచి వస్తోంది. ఒకతె పసుపు బట్టల్లో, ఒకతె నెరిసిన తలతో, ఒకతె జ్వరానికి చెవులకు గుడ్డ కట్టుకొని. ఎవరి తొందర వాళ్ళది. ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక టీ గ్లాసు ఉంది, ప్రతి గ్లాసు మీదా ఆవిరి లేస్తోంది.

గడప ముందు కూర్చున్న శేషారత్నం మొగుడి భుజానికి ఆనుకుంటుంది. ఈ ఇంట్లో ఆమెకు ఒకరు టీ తెచ్చివ్వడం ఇదే మొదలు. ఎవరి గ్లాసు ముందు అందుకోవాలో తోచక, చీర కొంగుతో చేతులు తుడుచుకొని, రెండూ చాపి కూర్చుంటుంది.